ఐస్‌లాండ్ సింగర్ బ్యోర్క్ ‘మెడుల్లా’ మీకెలా ఎక్కింది?

2004లో వచ్చిన ఆల్బమ్, దాదాపు అంతా మనుషుల గొంతులే, బీట్లు కూడా రాజెల్ లాంటి బీట్‌బాక్సర్లు నోటితో కొట్టినవే. ఐడియా అదుర్స్, కాదన్ను. వింటుంటే మాత్రం చిరాకొస్తోంది. ఏథెన్స్ ఒలింపిక్స్‌లో పాడిన ‘ఓషనియా’ పాట దాకా ఎలాగో లాక్కొస్తా, తర్వాత ‘యాన్సెస్టర్స్’ పాటలో కెనడా సింగర్ టాన్యా టగాక్ ఊపిరి సౌండ్లు మొదలవ్వగానే ఎవరో మెడ వెనకే నిలబడి రొప్పుతున్నట్టుంటుంది, ఆపేస్తా.

వైట్‌ఫీల్డ్ మెట్రోలో ఇయర్‌బడ్స్‌తో విన్నా, నాయిస్ క్యాన్సిలింగ్ ఆన్ చేస్తే ఇంకా ఘోరం. ఇంట్లో స్పీకర్‌లో ట్రెబుల్ తగ్గించి పెట్టా, షఫుల్ కూడా చూశా, రూమ్మేట్ వచ్చి ఎవరికైనా ఒంట్లో బాలేదా అనడిగాడు. వదిలెయ్ బ్రో అనకండి, వదలబుద్ధి కావట్లేదు.

మొదట్లో నచ్చక తర్వాత నచ్చినవాళ్ళు, ఏ పాటతో మొదలుపెట్టి ఏ వరసలో విన్నారు?