మరమగ్గాన్ని కట్టడి చెయ్యాలా, వద్దా?

అంచుపోగు, బరంపురం:
నిన్న బడాబజారులో ఒక కొట్టాయన "ఇదీ మన పట్టే" అంటూ చీర విప్పాడు. గుడి గోపురాల వరసలాంటి కుంభం అంచు అచ్చు గుద్దినట్టుంది. తిరగేస్తే తెగ్గోసిన పోగులు! మరమగ్గం సరుకు. ధర చేత్తో నేసే మా నాన్న అడిగేదాంట్లో మూడోవంతు కూడా లేదు. మన పట్టుకు 2012లో, ఇది ఈ ఊరి సరుకేనని చెప్పే జీఐ గుర్తింపొచ్చింది. కొన్ని రకాల చీరలు చేనేతకే వదలాలని 1985 చట్టమూ ఉంది. అయినా ఇదీ సంగతి. తేల్చండి.

లెక్కలమాస్టారు, పర్లాకిమిడి:
కట్టడి చేసి ఏం సాధిస్తావు బాబూ? మగ్గం నెత్తిన డిజైను కోసం పోగులెత్తే జకార్డూ ఒకప్పుడు కొత్త యంత్రమే. దాని అట్టకు చిల్లున్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. అంతకుముందు పోగులు లాగడానికి పైన ఒక కుర్రాడు కూర్చునేవాడు. 1804లో ఫ్రాన్సులో జకార్డు దిగితే అక్కడి లియోన్ ఊరి నేతగాళ్లు మండిపడ్డారు. ఆ చిల్లుల అట్టలే ఇంగ్లండు గణితవేత్త బాబేజ్ తన లెక్కల యంత్రానికి వాడాలనుకున్నాడు. ఇవాళ్టి కంప్యూటరుకు ఆయన్నే తాతంటారు.

సూరత్ రైలు, ఛత్రపురం:
అన్నయ్యా, ఆ చీర నేసింది నేనే కావచ్చు, తిట్టకు. సూరత్ మరమగ్గాల మీద మన గంజాం కుర్రాళ్లు ఎంతమందో నీకు తెలీదా? పన్నెండు గంటల డ్యూటీ, కూలి మీటరు లెక్కన. ఆ మోతకి అలవాటుపడి ఇంటికి ఫోన్ చేసినా అరుస్తాను. "ఎవరి మీదరా కోపం?" అంటుంది అమ్మ. 2020 లాక్‌డౌన్‌లో ఉత్త చేతుల్తో వచ్చి, మళ్లీ వెళ్లాను. మా పెంకుటిల్లు డాబా అయింది ఆ కూలితోనే.

అంచుపోగు:
నిన్నెందుకు తిడతాను తమ్ముడూ. మాస్టారూ, జకార్డు వచ్చినా మగ్గం మా ఇంట్లోనే ఉంది, మిగులూ మాకే. మరమగ్గం అలాక్కాదు. పని పోయింది మా వీధిలో, లాభం సూరత్ షావుకారిది, చెవుడు ఈ తమ్ముడిది. కొత్త యంత్రం మంచిదా చెడ్డదా అనేముందు అది ఎవరి సొంతమో చూడాలి కదా?

కండెలక్క, బరంపురం:
ఇంతమంది మాట్లాడారు, నేతకి పోగును కండెలకు చుట్టిచ్చేవాళ్ల ఊసే లేదు! మాకు విడిగా కూలెప్పుడిచ్చారు? చీర మజూరీలోనే కలిపేస్తారు. మోటారు చరఖా పెట్టాక పూటంతా పట్టే పని గంటన్నరలో అవుతోంది. నాకైతే హాయి. మిగిలిన పొద్దులో ఫోన్లో చీరల ఫోటోలు పెడుతున్నా. హైదరాబాదు నుంచి ఒకావిడ వీడియో కాల్లో "వెనకవైపు తిప్పమ్మా" అంది. తిప్పాను, కొంది. యూపీఐలో డబ్బు నా ఖాతాలోనే పడింది, మా ఆయన ఖాతాలో కాదు! మరమగ్గం చీర మీద ఆ మాట రాయించండి, చాలు. ఆపడమెందుకు?

లెక్కలమాస్టారు:
చేత్తో నేసిందని చెప్పడానికి 2006 నుంచే హ్యాండ్‌లూమ్ మార్క్ అనే బిళ్ల ఉందమ్మా. బిళ్ల లేదేమని కొనేవాళ్లు అడిగితేగా!

అంచుపోగు:
రేపు మళ్లీ ఆ కొట్టుకెళ్తున్నా. బిల్లు మీద ఏమని రాస్తాడో ఇక్కడ పెడతాను.