కాలువ గురించి అడిగిన దరఖాస్తుకు ‘సమాచారం లేదు’ అన్న జవాబు వచ్చింది, ఇప్పుడేం చేయాలి?

కాలువగట్టు:
ఎన్నికల తర్వాత రాజకీయాల మీద విసుగు పుట్టి, టీవీ చర్చలు చూడడం కూడా మానేసి, కనీసం మా వీధి వరకైనా ఒక పని చేద్దామని మేం నలుగురం నిర్ణయించుకున్నాం. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే, మేం కోరిన సమాచారం తమ వద్ద లేదని ఒక్క వాక్యంలో జవాబిచ్చారు. ఈ రోజు ఉదయం నుంచి నాలుగు గంటలుగా ఆ దరఖాస్తును తిరగరాస్తూనే ఉన్నాను కానీ, తప్పు ఎక్కడుందో అర్థం కావడం లేదు. పది రూపాయల పోస్టల్ ఆర్డరు కోసమే రెండు తపాలా కార్యాలయాలు తిరిగాం. దయచేసి తెలిసినవారు చెప్పండి.

ఒకే మాట:
ఏ కార్యాలయానికి పెట్టారు, ఏమని అడిగారు?

పాత గుమాస్తా:
నిరుత్సాహపడకండి. ఈ చట్టం 2005లో ఢిల్లీలో ఆమోదం పొందినా, దాని వేళ్లు రాజస్థాన్ పల్లెల్లో ఉన్నాయి. 1994 డిసెంబరులో కోట్‌కిరానా అనే గ్రామంలో తొలి జన్ సున్‌వాయీ, అంటే ప్రజా విచారణ పెట్టి, ప్రభుత్వ పనుల బిల్లులను, మస్టర్లను (కూలీల హాజరు పట్టీలను) ఊరందరి ముందు చదివి వినిపించారు. మస్టరులో పేరున్న మనిషి అక్కడే కూర్చుని, ఆ పనికి తాను వెళ్లనే లేదని చెబితే ఇక వాదించడానికి ఏముంటుంది? 1996లో బ్యావర్ పట్టణంలో నలభై రోజులు ధర్నా చేసినవారు కూడా అడిగింది ఆ కాగితాల నకళ్లనే. మీరు కూడా ఆవేశాన్ని కాస్త పక్కన పెట్టి, కాగితాన్ని అడగండి.

మాటల మేస్త్రి:
దరఖాస్తు ఎవరి పేరున రాశారు? చాలామంది ‘ప్రజా సమాచార అధికారి’ అని రాస్తున్నారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కార్యాలయాల బోర్డుల మీద ‘పౌర సమాచార అధికారి’ అనే ఉంటుంది.

పాత గుమాస్తా:
ఏ పేరుతో పిలిచినా అధికారి ఒకరే. ఆ కారణంతో దరఖాస్తును తిప్పి పంపడానికి చట్టం ఒప్పుకోదు.

మాటల మేస్త్రి:
తిప్పి పంపుతారని నేను అనలేదు. సరైన మాట ఉండగా మరొకటి ఎందుకని అడిగాను.

కాలువగట్టు:
మన్నించాలి, ఆ వివరాలు రాయలేదు. మాది ఆంధ్రప్రదేశ్‌లో ఒక గ్రామ పంచాయతీ. మా ప్రశ్నలు ఇవి: మురుగు కాలువ కట్టిన ఆరు నెలలకే ఎందుకు కూలింది? దానికి బాధ్యులు ఎవరు? ఎప్పుడు బాగు చేస్తారు? జవాబు వచ్చి రెండు నెలలు దాటింది.

ఒకే మాట:
అప్పీలు గడువు ముప్పై రోజులు, అది దాటిపోయింది. కొత్త దరఖాస్తు పెట్టండి. గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండలంలో ఐదు, ఆపైన పది రూపాయలు.

పాత గుమాస్తా:
ఆలస్యానికి తగిన కారణం చూపితే అప్పీలును స్వీకరించవచ్చు కానీ, ఈ ప్రశ్నలతో గెలవడం కష్టం. కార్యాలయంలో ఉన్న రికార్డును మాత్రమే ఇవ్వాలి తప్ప, లేని సమాచారాన్ని తయారుచేసి ఇవ్వనక్కరలేదని 2011లో సీబీఎస్‌ఈ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ‘ఎందుకు కూలింది’ అన్నదానికి ఏ బీరువాలోనూ కాగితం ఉండకపోవచ్చు. అందువల్ల పని అంచనా ప్రతి, ఎం-బుక్‌లో (పని కొలతలు రాసే రికార్డులో) ఆ పని నమోదైన పుటల నకళ్లు, చెల్లించిన బిల్లులు అడగండి. ఎం-బుక్‌లో పొడవు, వెడల్పు, లోతు ఉంటాయి కాబట్టి, టేపు పట్టుకుని కాలువ దగ్గరకు వెళితే మీ మొదటి ప్రశ్నకు జవాబు అక్కడే దొరకవచ్చు. పనిని స్వయంగా తనిఖీ చేయడానికి, వాడిన సామగ్రి నుంచి ధ్రువీకరించిన నమూనాలు తీసుకోవడానికి సెక్షన్ 2(జె) హక్కు ఇస్తోంది. ఆ పని ఇంజినీరింగ్ విభాగానిదైతే, దరఖాస్తును ఐదు రోజుల్లోగా అక్కడికి బదిలీ చేయడం పంచాయతీ బాధ్యత. ముప్పై రోజుల్లో సమాచారం ఇవ్వకపోతే, ఆ తర్వాత నకళ్లకు డబ్బు తీసుకోకూడదు. ఎందుకు కావాలని అడిగితే కారణం చెప్పనక్కరలేదు. ఈ మాట పంచాయతీ కార్యదర్శితో మర్యాదగానే అనండి, రేపు రికార్డు తీసి చూపించవలసింది ఆయనే.

మాటల మేస్త్రి:
ఎం-బుక్‌ను ‘కొలతల పుస్తకం’ అనవచ్చు కదా.

ఒకే మాట:
అలా రాస్తే ఏ పుస్తకమని అడుగుతూ మరో ఉత్తరం వస్తుంది.

కాలువగట్టు:
ధన్యవాదాలు. అంచనా, ఎం-బుక్, బిల్లులు అని మూడే రాశాను, సోమవారం ఇస్తాం. పోస్టల్ ఆర్డరు వెనక్కి తీసుకుంటారా?