ఇద్దరు నటీమణులుంటే రిహార్సల్ సాగదా?

తెనాలి కుర్రాడు: మొన్న పరిషత్తు నాటిక పోటీల్లో నాటికలు చూసి బయట టీ తాగుతుంటే ఒక పెద్దాయన అన్నారు: "ఇద్దరు ఆడవాళ్లున్న స్క్రిప్టు నేను ముట్టుకోను. వాళ్లకి పడి చావదు." చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. నిజంగా అంత ఉందా, మనం అల్లుకున్న కథా?

పాత దర్శకుడు: ఉంది బాబూ. ఇరవై ఏళ్లుగా నాటికలు వేయిస్తున్నాను. స్క్రిప్టు చేతికివ్వగానే ఒకావిడ కథేంటని అడగలేదు. ఎదుటి పాత్రకి ఎన్ని పేజీలో తిరగేసి లెక్కపెట్టింది. ఆఖరి ఏడుపు తనకే కావాలని పేచీ. విసుగొచ్చి రెండో ఆవిడ వేయాల్సిన తల్లి పాత్ర తీసేసి, ఫోన్లో మాట్లాడినట్టు పెట్టేశాను.

గ్రీన్‌రూమ్: గురువుగారూ, ఆ లెక్క నేనూ పెడతాను. మీ నాటక సమాజంలో మగవాళ్లకి బ్యాంకు ఉద్యోగమో, బడిపంతులు ఉద్యోగమో ఉంటుంది. మాకు నాటికకి ఇంతని ఇస్తేనే ఇల్లు గడిచేది. నాటికలో మాకుండేది ఒక పాత్ర, మహా అయితే రెండు. ఉత్తమ నటి జ్ఞాపిక ఒక్కటే. అదొస్తే పై ఏడాది నాలుగు సమాజాలు పిలుస్తాయి. అందుకే ఒకే రాత్రి రెండు మూడు సమాజాలకి వేస్తాం. కిందటేడు వితంతువు వేషం ముగించి అరగంటలో కొత్తకోడలిగా వెళ్లాలి. నాతో పోటీలో ఉన్న అమ్మాయే నా ముడి విప్పి, జడేసి, పూలు పెట్టింది. బహుమతి తనకొచ్చింది. ఏడుపొచ్చింది, అబద్ధమెందుకు. తిరుగు బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం, తెల్లారేదాకా మాట్లాడుకోలేదు.

పద్యాల పిచ్చోడు: మగవాళ్ల సంగతో? పేరున్న నటుల్ని కుదిర్చి ఆడించే కాంట్రాక్టు నాటకాల్లో ఒకే వేషం ఇద్దరు పంచుకునేవాళ్లు, కరపత్రాల మీద మొదటి కృష్ణుడు, రెండో కృష్ణుడు అని వేసేవాళ్లు. ఒకాయనకి వన్స్‌మోర్లు పడితే రెండో ఆయన రాగం ఇంకాస్త సాగదీయాల్సిందే. జనం టికెట్టు కొని మరీ చూశారు. దానికి అసూయ అని పేరు పెట్టలేదు, పోటాపోటీ అన్నారు. అయినా ఆడవేషాలే మగవాళ్లు వేసిన రంగం మనది. సత్యభామగా మెప్పించిన స్థానం నరసింహారావు గారికి 1956లో పద్మశ్రీ వచ్చింది. ఇంటి ఆడవాళ్లే వేషాలు కట్టిన సురభి నాటక కుటుంబాల్ని పక్కనపెడితే, ఆడవాళ్లకి స్టేజీ మీద చోటు దొరికిందే ఆలస్యంగా.

బాల్కనీ సీటు: 1895లో లండన్‌లో ఫ్రెంచి నటి సారా బెర్నార్, ఇటలీ నటి ఎలియనోరా దూజే కొద్దిరోజుల తేడాలో ఒకే పాత్ర, మాగ్దా, వేశారు. ఇద్దర్నీ పక్కపక్కన పెట్టి తూచిన నాటక విమర్శకుడు బెర్నార్డ్ షా దూజే వైపు మొగ్గాడు. పత్రికలకి పండగే. రెండేళ్లకి దూజే పారిస్‌లో ఆడింది ఎక్కడనుకున్నారు? బెర్నార్ సొంత థియేటర్లో. ప్రేమతో ఇచ్చిందని నేననను. తన ఇంట్లో, తన ప్రేక్షకుల ముందే తేల్చుకుందామనీ అయ్యుండొచ్చు.

పాత దర్శకుడు: లండన్ నాకు తెలీదు గానీ, జ్ఞాపిక ఒక్కటే అన్న మాట నిజమేనమ్మా. రెండు పెట్టమని నిర్వాహకుల్ని అడుగుతాను. పేజీల లెక్క మాత్రం నాకు నచ్చదు, ఎవరు పెట్టినా.

గ్రీన్‌రూమ్: ముందు ఆ ఫోన్లో తల్లిని మళ్లీ స్టేజీ ఎక్కించండి గురువుగారూ. నా డేట్లు ఖాళీయే.