ఎంబీఏ పిల్లలకి ఆపరేషన్స్: బోర్డు మీద లెక్కా, బట్టీలో పనా?

గజపతి మాస్టారు:
అందరికీ నమస్కారం. పర్లాకిమిడి వైపు ఒక కాలేజీలో ఎంబీఏ వాళ్లకి ఆపరేషన్స్ మేనేజ్‌మెంట్ చెప్తున్నాను. క్లాసులో తెలుగు పిల్లలూ ఉన్నారు, ఒడియా పిల్లలూ ఉన్నారు. పుస్తకం తెరిస్తే కార్ల ఫ్యాక్టరీ. వీళ్లలో కార్ల ఫ్యాక్టరీ చూసినవాడు ఒక్కడూ లేడు, జీడిపప్పు బట్టీ చూడనివాడూ లేడు. అందుకే ఈసారి ఈఓక్యూ, రవాణా సమస్యల లెక్కలు సగానికి తగ్గించి, ఆ గంటల్లో బట్టీలకి తీసుకెళ్దామని ఉంది. మార్కులన్నీ లెక్కల్లోనే ఉన్నాయి, వద్దని మా హెచ్‌ఓడీ గారు. మీరేమంటారు? (ఈఓక్యూ అంటే, ఒక్కోసారి ఎంత సరుకు తెప్పిస్తే ఆర్డరు ఖర్చు, నిల్వ ఖర్చు రెండూ కలిపి తక్కువలో పోతాయో చెప్పే సూత్రం.)

పిక్కల బస్తా:
తీసుకురండి మాస్టారూ. ఆ ఈఓక్యూ సగం కాదు, మొత్తం పీకీండి. మా బావమరిది విశాఖలో ఎంబీఏ చేసొచ్చినాడు. వస్తూనే "ఏటి బావా, ఏడాది సరుకంతా ఒకేసారి కొనీసి గోదాంలో పడీడమేటి, వడ్డీ దండగ, నెలకింత కొందాం" అన్నాడు. మా నాన్న కూడా అల్లుడి తమ్ముడు చదువుకున్నోడు కదాని ఊఁ అన్నాడు. జీడిపిక్కలు మార్చి నుంచి మే దాకానే దిగుతాయి. ఆ తరవాత రైతు దగ్గర గింజ ఉండదు, ఉంటే దళారీ దగ్గరుంటాది, లేపోతే ఆఫ్రికా సరుకు. వానాకాలంలో 80 కిలోల బస్తా రేటు విన్నాక మా బావమరిది ఆ సూత్రం ఊసెత్తితే ఒట్టు. నష్టం మేం మోసినాం. కాలేజీ మోసిందా?

కాశీబుగ్గ కుర్రోడు:
అల్లుడి తమ్ముడు బావమరిది ఎలా అయ్యాడు అన్నా? 😀

పిక్కల బస్తా:
కోడలి తమ్ముడు. చెయ్యి జారింది. పాయింటు చూడు.

రాయగడ స్టోర్స్:
తమ్ముడూ, సూత్రాన్ని తిట్టే ముందు అది ఏం అడుగుతోందో చదవాలి. 1913లో ఫోర్డ్ హారిస్ అనే అమెరికా ఇంజనీరు రాసినప్పటి నుంచీ దాని షరతులు అవే: వాడకం ఏడాది పొడుగునా ఒకే తీరుగా ఉండాలి, సరుకు అడిగినప్పుడు అదే ధరకి దొరకాలి. మీ పిక్కలకి రెండోది లేనే లేదు. సీజను సరుకుకి వేరే లెక్క ఉంది. తక్కువ కొంటే పోయే లాభమెంత, ఎక్కువ కొంటే మిగిలే నష్టమెంత అని తూకం వేసేది, పేపర్లమ్మే కుర్రాడి లెక్క అంటారు. అదీ సిలబస్‌లోనే ఉంటుంది.

మీ బట్టీలోనే ఈఓక్యూ పనికొచ్చే చోటు చూపిస్తా. పప్పు నింపే టిన్నులు. ఏడాదికి 2400 టిన్నులు, ఆర్డరుకి 500 రూపాయల ఖర్చు, టిన్ను ఏడాదిపాటు ఉంచితే 60 రూపాయలు అనుకోండి. రెండు రెట్లు 2400 ఇంటూ 500, దాన్ని 60తో భాగిస్తే 40,000. వర్గమూలం 200. అంటే ఏడాదికి 12 ఆర్డర్లు, మొత్తం ఖర్చు 12,000. పొరపాటున 200కి బదులు 400 తెప్పించారనుకోండి, ఖర్చు 15,000 అవుతుంది, పావు వంతే ఎక్కువ. రెట్టింపు తప్పు చేసినా పావు వంతుతో పోతుందన్నమాట. ఈ సంగతి బట్టీలో వందసార్లు తిరిగినా కనబడదు, బోర్డు మీదే కనబడుతుంది. పేపరు మిల్లు స్టోర్సులో బేరింగులు, బెల్టులు లెక్కబెడుతూ చెప్తున్నా.

పిక్కల బస్తా:
మా టిన్ను మీరనుకున్న రేటుకి రాదు.

రాయగడ స్టోర్స్:
రేటు మార్చి వెయ్యండి, సూత్రం అదే.

పిక్కల బస్తా:
టిన్నులోడు 200కి బండి పంపడు. 500 తీసుకుంటేనే పంపుతాడు. ఇది మీ బోర్డు మీద ఉందా?

రాయగడ స్టోర్స్:
ఉంది. 500 దగ్గర ఖర్చు ఎంతో వేసి, మీరు వేరే బండి పెట్టుకుంటే అయ్యేదాంతో పోల్చి చూస్తారు. ఒక్క లైను.

బరంపురం పట్టు:
మా మగ్గాలకి పట్టు అప్పు మీద వస్తుంది. షావుకారు ఎంత ఇస్తే అంత. దానికి సూత్రం ఉంటే చెప్పండి.

హైదరాబాద్ గోదాం:
గుణుపురంలో ఎంబీఏ చేశా, ఇప్పుడు హైదరాబాదులో పెద్ద గోదాంలో పని. ఇంటర్వ్యూలో లెక్కే అడిగారు, జీడిపిక్క అడగలేదు. బట్టీ మా ఇంటెనకే ఉంది మాస్టారూ, అది చూడ్డానికి ఫీజు కట్టాలా? పిల్లలు ఊళ్లోంచి బయటపడదామని చదువుతుంటే మళ్లీ అక్కడికే తీసుకెళ్తానంటారేంటి?

గజపతి మాస్టారు:
మీ బాధ అర్థమైంది బాబూ. కానీ చూడటం వేరు, లెక్కకట్టి చూడటం వేరు. వలవడానికి 600 కిలోల గుట్ట పడి ఉంది, రోజుకి 200 కిలోలు వలుస్తున్నారు. ఇవాళ వచ్చిన పప్పు వంతు మూడు రోజులకి గానీ రాదు. జాన్ లిటిల్ 1961లో నిరూపించింది ఇదే. బోర్డు మీద ఎల్ (గుట్ట), లామ్డా (రోజుకి వలిచేది), డబ్ల్యూ (ఆగే రోజులు) అని రాస్తే బట్టీపడతారు, గుట్ట ముందు నిలబెడితే మర్చిపోరు. పైగా టైమ్ స్టడీ, అంటే ఒక్కో పనికి ఎంతసేపు పడుతుందో కొలవడం, అది కూడా చేయించొచ్చు, స్టాప్‌వాచ్ పెట్టి.

పిక్కల బస్తా:
ఆఁ, అది చెయ్యండి. అదైతే నాకూ పనికొస్తాది.

వలుపు:
ఇన్నాళ్లూ చదివి ఊరుకున్నాను, స్టాప్‌వాచ్ అన్నారు కాబట్టి రాస్తున్నా. నేను ఎంబీఏ రెండో ఏడు. మా అమ్మ పొట్టు వలుస్తుంది, కిలోకింత అని. మా సీనియర్లు ఒక బట్టీకి ప్రాజెక్టుకి వెళ్లారు. అందరికంటే చేయి చురుకైన మనిషి దగ్గర కూర్చుని టైము కట్టారు. రేటింగ్ (ఆ మనిషి వేగాన్ని మామూలు వేగంతో సరిచూడటం) అనీ, అలసటకి విడుపు అనీ పుస్తకంలో ఉన్నవి రిపోర్టులో ఒక్క లైనులో తేల్చేశారు. రిపోర్టు షావుకారుకిచ్చి సర్టిఫికెట్టు తెచ్చుకున్నారు. తరవాత ఆ అంకె అందరికీ కోటా అయింది. తొందరపడితే గుండు పప్పు బద్దవుతుంది, బద్దకి కోత. ఆ కోత ఎవరి రిపోర్టులోనూ లేదు.

పిక్కల బస్తా:
అమ్మాయ్, ఊరికే షావుకార్లని ఆడిపోసుకోకు. కిలోకిస్తున్నాం, ఎక్కువ వలిస్తే ఎక్కువొస్తాది. ముక్కైపోతే నాకు మాత్రం నష్టం కాదా? 320 నంబరు గుండుకీ ముక్కకీ రేటు తేడా తెలుసా నీకు?

వలుపు:
తెలుసు షావుకారు గారూ. పౌండుకి 300 నుంచి 320 గుండ్లు తూగితే 320 నంబరు. ఆ గుండ్లు ఏరింది మా అమ్మే.

పిక్కల బస్తా:
మీలాటోళ్లని బట్టీలోకి రానిస్తే ఇదే గొడవ. మాస్టారూ, నా మాట వెనక్కి తీసుకుంటున్నా. రావొద్దు.

కాశీబుగ్గ కుర్రోడు:
నిన్న రమ్మన్నది తమరే.

రాయగడ స్టోర్స్:
అమ్మా, ఒక్కటి అడుగుతా, కోప్పడకు. పొద్దున్న అమ్మ వెళ్లగానే పని మొదలవుతుందా?

వలుపు:
లేదు సార్. పప్పు బోర్మాలో, అంటే ఆరబెట్టే పొయ్యిలో, ఆరు నుంచి ఎనిమిది గంటలు ఆరాలి. రాత్రి ఆలస్యంగా పెడితే పొద్దున్న పప్పు బయటికి రాదు. ఆడవాళ్లంతా ఖాళీ పళ్లేలు పెట్టుకుని కూర్చుంటారు. కిలో లెక్క కదా, కూర్చున్నదానికి పైసా రాదు. మా సీనియర్లు పప్పు చేతిలోకొచ్చాకే వాచీ నొక్కారు.

రాయగడ స్టోర్స్:
అదీ సంగతి. పని ఆగేది బోర్మా దగ్గరైతే వలిచేవాళ్లని ఎంత తరిమినా రోజుకి ఒక్క కిలో ఎక్కువ రాదు. 1880ల్లో ఫ్రెడరిక్ టేలర్ అనే అమెరికా ఇంజనీరు ఉక్కు కార్ఖానాలో వాచీ పట్టుకున్నప్పటి నుంచీ అందరూ మనిషినే కొలుస్తున్నారు, పొయ్యిని కొలవడం ఖర్చులేని పని అయినా సరే.

పిక్కల బస్తా:
బోర్మా దగ్గర ఎవడికీ పనిలేదు. ఇంకోటి కట్టాలంటే ఎంతవుతాదో తెలుసా? ఆళ్లు ఓ గంట కూకుంటే నాకు ఖర్చు లేదు.

వలుపు:
మీకు లేదు. నేను చెప్పేదీ అదే.

గజపతి మాస్టారు:
పిక్కల బస్తా గారూ, కొత్తది కట్టమని ఎవరూ అనలేదు. పప్పు ఎప్పుడు లోపల పెట్టారు, ఎప్పుడు తీశారు, వలిచేవాళ్ల చేతికి ఎప్పుడొచ్చింది, ఈ మూడు వేళలు ఒక వారం రాసుకుంటాం, అంతే. వలిచేవాళ్ల దగ్గర వాచీ తియ్యం. సాయంత్రం రెండు గంటలు ముందు పెడితే చాలునేమో, ఆ కాగితం చూస్తే తెలుస్తుంది.

పిక్కల బస్తా:
కాగితం ఎవరికిస్తారు?

గజపతి మాస్టారు:
మీకూ ఇస్తాం, వలిచేవాళ్లకీ తెలుగులో చదివి వినిపిస్తాం.

పిక్కల బస్తా:
ఆళ్లకెందుకు? నాకు ఒక్కడికే అయితే రండి.

వలుపు:
అయితే మాస్టారూ, ఆ బట్టీ వద్దు.

హైదరాబాద్ గోదాం:
ఇదంతా పరీక్షలో వస్తుందా?

రాయగడ స్టోర్స్:
టిన్నుల లెక్క తప్పని మాత్రం ఇప్పటిదాకా ఎవరూ చూపించలేదు.