జో లారీని కాదనడం సరే, ఆ ప్రొఫెసర్ని ఎందుకు చేసుకున్నట్టు?

మేడమీదగది:
లూయీసా ఆల్కాట్ నవల 'లిటిల్ విమెన్' మళ్లీ చదివాను, మెగ్, జో, బెత్, ఎమీ అనే నలుగురు అక్కచెల్లెళ్ల కథ. ఎన్నోసారో లెక్క లేదు. ఈసారీ అదే చోట ఒళ్లు మండింది. పక్కింటి లారీ ఏళ్ల తరబడి జో వెనకే తిరిగాడు, పెళ్లి మాట ఎత్తాడు, ఆమె కాదంది. బాగానే ఉంది. ఆ తర్వాత? న్యూయార్క్ బోర్డింగ్ హౌసులో పరిచయమైన గడ్డం ప్రొఫెసర్ భేర్, నలభైకి దగ్గరపడ్డవాడు, వానలో గొడుగు కింద అడగ్గానే సరేనంటుంది. పెళ్లి ఊసంటేనే చిరాకుపడ్డ పిల్లని ఎవరో ఒకరికి కట్టబెట్టడం పాఠకులకు చేసిన మోసం కాదా? జో ఒంటరిగానే ఉండాల్సింది. ఇదీ నా వాదన. సినిమాలు మాత్రమే చూసినవాళ్లు ఆ ముక్క ముందే చెప్పేయండి.

లారీ_తరఫు:
1994 సినిమా చూసి పుస్తకానికి వచ్చినదాన్ని, ముందే ఒప్పుకుంటున్నా. పెళ్లి చేయాలనుకుంటే లారీకే చేయాలి. పైగా అతన్ని తీసుకెళ్లి జో చెల్లెలు ఎమీకి ఇచ్చింది రచయిత్రి! జోని ప్రేమించినవాడు ఆమెకే మరిది వరసయ్యాడు. క్రిస్మస్‌కి అందరూ ఒకచోట చేరితే జో ఎలా వడ్డిస్తుందో ఊహించుకోండి.

అట్టలేనిపుస్తకం:
మేడమీదగది గారూ, మోసం అంటున్నారు, ఎవరు ఎవరిని చేశారో చూద్దాం. మొదటి భాగం 1868 సెప్టెంబరు చివర్లో వచ్చింది. మెగ్ పెళ్లి నిశ్చయం దగ్గర ఆగిపోతుంది, జో సంగతి తేలదు. నెల తిరిగేసరికి ఆడపిల్లల ఉత్తరాలు మొదలు: ఎవరెవరికి ఎవరితో పెళ్లి? నవంబరు 1న లూయీసా ఆల్కాట్ డైరీలో విసుక్కుంది, ఆడదాని బతుక్కి పెళ్లొక్కటే గమ్యమన్నట్టు అడుగుతున్నారని. ఎవరి మెప్పు కోసమూ జోని లారీకిచ్చి చేయనని అక్కడే రాసుకుంది. 1869 మార్చిలో ఒక స్నేహితురాలికి రాసిన ఉత్తరంలో ఇంకా సూటిగా చెప్పింది: జో రాసుకుంటూ పెళ్లికాకుండా ఉండిపోవాల్సిన మనిషి, అందరూ మీద పడేసరికి కాదనే ధైర్యం లేక, పంతానికి ఒక విచిత్రమైన జోడీ కట్టానని. అంటే భేర్ మనకు పడిన జరిమానా. అప్పటి అభిమానులు అల్లరి చేయకపోతే మీరు కోరుకున్న ముగింపే వచ్చేదేమో.

మన వారపత్రికల సీరియళ్ల రోజుల్లో నాయికను చంపొద్దని రచయిత్రులకు ఉత్తరాలు రాసినవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు. ఈ జబ్బు ఆల్కాట్ ఊరు కాంకర్డ్‌కి ప్రత్యేకం కాదు.

మేడమీదగది:
ఆ ఉత్తరం సంగతి తెలుసు. రచయిత్రే పంతానికి చేశానంటే నా మాటే నెగ్గినట్టు కదా!

లెక్కలమాస్టారు:
కాదండీ. ఎందుకు రాసిందన్నది ఆవిడ ఇష్టం, పుస్తకంలో ఏముందన్నది మన పని. లారీకి కాదని చెప్పేటప్పుడు జో ఇచ్చిన కారణాలు చదవండి. ఇద్దరిదీ ముక్కుమీద కోపం, రోజూ పోట్లాటే. అతని డాబు సమాజంలో తను ఇమడదు. అన్నిటికన్నా ముఖ్యం, తన రాతలు అతనికి కిట్టవు, అవి లేకుండా తను బతకలేదు. ఇంతకన్నా తెలివైన తిరస్కరణ ఆ కాలం నవలల్లో నాకు కనబడలేదు. భేర్ బీదవాడు, చొక్కాకి గుండీలు సరిగా ఉండవు, కానీ జోని సమవుజ్జీగా చూసి మాట్లాడతాడు. నా ఓటు అతనికే.

చిన్నది_నేనే:
నలుగురిలో చిన్నదాన్ని కాబట్టి ఎమీ పక్షం. చిన్నప్పుడు కోపంలో జో కథల పుస్తకం పొయ్యిలో పడేసిందని నూటయాభై ఏళ్లుగా ఎమీని తిడుతున్నారు. మరి ఆ తర్వాత? సంచలన కథలు అచ్చువేసే పత్రికల మీద మీ సమవుజ్జీ ప్రొఫెసరు గారు చిన్న ఉపన్యాసం ఇస్తారు. అప్పటికి అలాంటివే రాస్తున్న జో గదిలోకెళ్లి తన కథలన్నీ తనే స్టవ్‌లో కుక్కేస్తుంది. ఆ మంటకు బాధ్యులెవరో ఏ అభిమానీ అడగడు. పన్నెండేళ్ల పిల్ల చేస్తే నేరం, పెద్దమనిషి చేయిస్తే సంస్కారమా?

అసలు తమాషా ఏంటంటే ఆల్కాట్ స్వయంగా అలాంటి కథలు ఎ.ఎం. బర్నార్డ్ అనే మారుపేరుతో రాసి ఇల్లు నడిపింది. 1943లో పరిశోధకురాలు లియోనా రోస్టెన్‌బర్గ్ ఆ మారుపేరు గుట్టు అచ్చులో బయటపెట్టేదాకా పాఠకలోకానికి తెలీదు. తను చేసిన పనికి తన నాయిక చేత సిగ్గుపడేలా చేసింది. నాకు అసలు గొడవ అక్కడ, పెళ్లి దగ్గర కాదు.

లెక్కలమాస్టారు:
స్టవ్ విషయంలో నా దగ్గర జవాబు లేదు. అతను నేరుగా తగలబెట్టమనలేదు, అంతవరకే.

బోస్టన్_మంచు:
ఇక్కడి నుంచి కాంకర్డ్ గంటలోపే, అందుకని రెండుసార్లు వెళ్లాను. ఆల్కాట్ వాళ్లుండిన ఇల్లు ఆర్చర్డ్ హౌస్ 1912 నుంచి మ్యూజియం. ఆవిడ గదిలో రెండు కిటికీల మధ్య అర్ధచంద్రాకారంలో చిన్న బల్ల, వాళ్ల నాన్న చేసిచ్చింది. ఈ గొడవంతా పుట్టింది దానిమీదే. కంచం పెడితే నిండిపోయేంత బల్ల! అక్కడి నుంచి స్లీపీ హాలో శ్మశానానికి వెళ్తే సమాధి మీద పూలకంటే పెన్నులు, పెన్సిళ్లు ఎక్కువ కనిపించాయి. పెళ్లి ఉంగరం బొమ్మ ఒక్కటీ లేదు. ఆవిడ పెళ్లి చేసుకోలేదు, 1888లో పోయింది. 2019 సినిమా ముగింపు నచ్చింది నాకు ఇందుకే: నాయికకు పెళ్లి చేయాల్సిందేనని పబ్లిషరు పట్టుబడతాడు, జో ఒప్పుకుని బదులుగా కాపీరైటు తన దగ్గరే అట్టేపెట్టుకుంటుంది. నిజంగానూ ఆల్కాట్ కాపీరైటు వదులుకోలేదు.

మేడమీదగది:
ఆ సినిమా నేనూ చూశాను. అందులో భేర్ మరీ అందగాడు, అది దొంగాట.

సరే, కొంచెం దిగుతున్నా. పెళ్లి మోసం అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా, స్టవ్ మాత్రం ఆయన ఖాతాలో రాస్తున్నా. ఇంకో సంగతి, ఇంతసేపూ మెగ్ గురించి ఒక్కరూ ఒక్క ముక్క వాదించలేదు. బెత్ పేరైతే ఎవరూ ఎత్తనేలేదు.

లారీ_తరఫు:
బెత్ గురించి వాదన ఏముంటుందండీ, ఏడుపు తప్ప. నాకింకా లారీయే.