ఎడమ ఫెండరు, బంపరు, డోరు: కంపెనీవా, బయటివా?

ప్రశ్న: సింగరాయకొండ వాసి

అందరికీ నమస్కారం. జాతీయ రహదారి నుంచి సర్వీసు రోడ్డులోకి దిగుతుండగా ఒక ట్రాక్టరు ట్రక్కు మా కారు ఎడమవైపు రాసుకుంటూ పోయింది. బండి 2021 నాటి స్విఫ్ట్, తెలుపు రంగు, నాలుగేళ్లు దాటింది, అయిదు ఇంకా నిండలేదు. ముందు ఫెండరు, అంటే ముందు చక్రాన్ని కప్పే పక్క రేకు, చక్రం పైభాగంలో లోపలికి నొక్కుకుపోయింది, బంపరు ఆ మూల చీలింది, హెడ్‌లైటు వెలుగుతోంది గాని దాన్ని పట్టి ఉంచే చెవి ఒకటి విరిగింది, ముందు డోరు మధ్యలో జానెడు పొడవున సొట్ట పడింది. కంపెనీ వర్క్‌షాపు వారు నాలుగూ మార్చాలంటున్నారు. నెల్లూరు ఆటోనగర్‌లో ఒక షెడ్డు వారేమో ఫెండరు బయటిది, అంటే కారు కంపెనీది కాక వేరేవారు తయారుచేసినది, చాలునని, డోరు మాత్రం చెన్నై పుదుపేట నుంచి అదే రంగుది సెకండ్ హ్యాండ్‌లో తెప్పిస్తామని అంటున్నారు. నా పాలసీకి జీరో డెప్ (భాగాల పాతదనానికి తరుగు కోయకుండా క్లెయిము ఇచ్చే అదనపు కవరు) లేదు. వీటిలో దేనికి కంపెనీ భాగమే వేయించాలో, దేనికి అవసరం లేదో అనుభవజ్ఞులు చెప్పగలరు.

జవాబు: నెల్లూరు, డెంటింగ్ పెయింటింగ్ పని

ఫెండరుతో మొదలుపెడతానండీ. అది బోల్టులతో బిగించే రేకు మాత్రమే, వెల్డింగుతో బాడీలో కలిసిపోయిన భాగం కాదు. కాబట్టి మంచి రకం బయటిది వేసినంత మాత్రాన బండి బలానికి లోటేమీ రాదు. చూసుకోవలసినవి కొలత, పూత. రంగు వేయకముందే దాన్ని బండికి బిగించి చూపించమనండి. బానెట్‌కూ ఫెండరుకూ మధ్య, ఫెండరుకూ డోరుకూ మధ్య ఉండే సందు ఆ చివర నుంచి ఈ చివర దాకా ఒకేలా ఉండాలి. బోల్టు రంధ్రాన్ని ఆకురాయితో సాగదీసి మరీ కూర్చోబెడుతున్నారంటే ఆ ముక్కను అక్కడికక్కడే తిప్పి పంపించండి.

పూత సంగతి మన కోస్తావారికి మరీ ముఖ్యం. కంపెనీ ఫెండరును ప్రైమరు తొట్టెలో ముంచి, విద్యుత్తుతో పూత పట్టించి, బట్టీలో కాల్చి పంపుతారు గనుక అంచుల మడతల్లోకి సైతం అది చేరుతుంది. చౌకరకం మీద ఉండేది పైపైన కొట్టిన నల్లరంగు. గుడ్డను థిన్నరులో తడిపి రేకు వెనకవైపు ఒక మూల గట్టిగా రుద్ది చూడండి. గుడ్డకు నలుపు అంటుకుని కింద తెల్లటి రేకు మెరిసిందంటే, చక్రం చిమ్మే బురద నిలిచే ఆ మడతలోనే తుప్పు మొదలవుతుంది. మీరు ఉండేది సముద్రానికి దగ్గరే కనుక, ఆ పరీక్షలో నిలవని ఫెండరు ఎంత చౌకగా వచ్చినా వద్దు.

డోరు మార్చడం నాకు నచ్చలేదు. సొట్ట మధ్యలో ఉంది అంటున్నారు, అంటే అంచు మడతకు తగల్లేదనుకుంటాను. లోపలి అడ్డబద్ద వంగకపోతే, అద్దం సాఫీగా ఎక్కి దిగుతుంటే, లోపలి అట్ట విప్పి వెనకనుంచి లేపి, పైన పలుచగా లప్పం పెట్టి రంగు వేస్తే సరిపోతుంది. పుదుపేట డోరు తెల్లదే అయినా మీ తెలుపుతో కలుస్తుందన్న భరోసా లేదు, ఎండకు ఒక్కో బండి రంగు ఒక్కో తీరున పాలిపోతుంది, ఎటూ మళ్లీ రంగు వేయవలసిందే. పైగా దాని మీద పాత లప్పం ఎంత మందాన ఉందో అయస్కాంతం పెట్టి చూస్తే తప్ప తెలియదు.

జవాబు: ఒంగోలు, ఇన్సూరెన్సు పని చూసే వ్యక్తి

పై సలహాతో ఏకీభవిస్తాను గాని, క్లెయిము చేస్తారో లేదో తేల్చుకోకుండా భాగాలు ఎంచుకోవద్దు. జీరో డెప్ లేని పాలసీలో నాలుగేళ్లు దాటి అయిదు నిండని బండికి రేకు భాగాల మీద 35 శాతం, వయసుతో సంబంధం లేకుండా ప్లాస్టిక్ భాగాల మీద 50 శాతం తరుగు తీస్తారు. అంటే పదివేల రూపాయల ఫెండరుకు 6,500, పదివేల బంపరుకు 5,000 మాత్రమే లెక్కలోకి వస్తాయి. రంగు పనికి ఒకే మొత్తంగా బిల్లు ఇస్తే అందులో నాలుగో వంతును సామాను ఖర్చుగా పరిగణించి, దానిలో సగం కోస్తారు. బిగింపు కూలీకి తరుగు లేదు. చివరకు 1500 సీసీ లోపు బండి కాబట్టి వెయ్యి రూపాయలు తప్పనిసరి మినహాయింపుగా పోతుంది.

మరోవైపు, నాలుగేళ్లుగా క్లెయిము లేకుంటే మీకు ప్రీమియంలో వచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, 45 శాతం. ఇప్పుడు క్లెయిము చేస్తే వచ్చే రెన్యువల్‌కు అది సున్నా అవుతుంది, మళ్లీ 20తో మొదలై ఒక్కో మెట్టే ఎక్కాలి. ఈ తగ్గింపు థర్డ్ పార్టీ ప్రీమియానికి వర్తించదు, సొంత బండి నష్టానికి కట్టే భాగానికే. నాలుగూ కంపెనీవి మార్చే పక్షంలో క్లెయిము లాభించవచ్చు. డోరు లేపించి, ఫెండరు బయటిది వేయించేటట్లయితే చేతి నుంచి పెట్టుకోవడమే మేలనిపిస్తుంది. రెండు ఎస్టిమేట్లూ పక్కపక్కన పెట్టి చూడండి.

సింగరాయకొండ వాసి

ఇద్దరికీ కృతజ్ఞతలు. డోరు అద్దం సాఫీగానే దిగుతోంది. బంపరు, హెడ్‌లైటు సంగతి కూడా చెప్పండి.

జవాబు: కావలి నుంచి

బంపరు చీలిక మూలకే పరిమితమైతే వేడితో ప్లాస్టిక్ వెల్డింగు చేసి రంగు వేస్తారు. క్లిప్పులు కూర్చునే గాడులు విరిగితే మాత్రం అతుకు నిలవదు. అప్పుడు కంపెనీదే కొనండి, బయటి బంపర్లు ఫెండరు అంచు దగ్గర వేలు దూరేంత సందు వదలడం నేను చాలా బండ్లకు చూశాను. లైటు వెలుగుతోంది కనుక ముందు దాని చెవి విడిగా దొరుకుతుందేమో పార్టుల కౌంటరులో అడగండి. లైటు మొత్తం మార్చవలసి వస్తే బయటిది వద్దు, దాని వెలుగు రోడ్డు మీద పడవలసిన చోట పడకపోతే రాత్రిపూట హైవే మీద ఎదుటివారి కళ్లలో కొడుతుంది. బంపరు విప్పినప్పుడు వెనక ఉండే ఇనుప బద్ద, రేడియేటరు పట్టీ వంగాయేమో చూడమనండి. క్లెయిము ఆలోచన ఏమాత్రం ఉన్నా ఇన్సూరెన్సు కంపెనీకి కబురు చేసి, నష్టం అంచనా వేసే వారి సర్వేయరు చూసేదాకా ఒక్క బోల్టు కూడా విప్పనివ్వకండి.