కుటుంబంలో నిలవలేకపోతున్న పిల్లలకు చికిత్సా నివాసాలు: ఉండాలా, మూసేయాలా?

పున్నాగ:
కన్నవాళ్ల దగ్గర ఉండే వీలులేక ప్రభుత్వ సంరక్షణలోకి వచ్చిన పిల్లల గురించి ఈ ప్రశ్న. చాలామందికి మంచి ఫాస్టర్ కుటుంబం, అంటే కన్నవాళ్ల బదులు తమ ఇంట్లో ఉంచుకుని చూసుకునే కుటుంబం, దొరికితే చాలు. కొందరు మాత్రం ఒక ఇంట్లోంచి మరో ఇంటికి మారుతూనే ఉంటారు. చిన్నప్పుడే దెబ్బలు, లైంగిక హింస, ఆకలి చూసినవాళ్లు. కోపం వస్తే చేతికందింది పగలగొడతారు, తమను తామే గాయపరచుకుంటారు, రాత్రిపూట పారిపోతారు. కొద్దిమంది పిల్లలు, శిక్షణ పొందిన సిబ్బంది, వాళ్ల వెనక ఒక థెరపిస్ట్ ఉండే చిన్న ఇళ్లు ఇలాంటివాళ్ల కోసమే. థెరప్యూటిక్ రెసిడెన్షియల్ కేర్ అంటారు. ఖర్చు బాగా ఎక్కువ. ఆ డబ్బంతా ఫాస్టర్ కుటుంబాలకే ఇవ్వాలని చాలామంది అంటున్నారు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. ఈ ఇళ్లు ఉండాలి. కానీ ఇక్కణ్ణుంచి వెళ్లాక పిల్లవాడు ఎవరి దగ్గర ఉంటాడన్న ఆలోచన చేర్చుకునే రోజే మొదలుపెట్టని ఇంటికి ‘చికిత్స’ అన్న పేరు తగదు.

పెంపుడు తల్లి:
మూసేయాలి. రొమేనియాలోని బుకారెస్ట్‌లో 2000లో మొదలైన పరిశోధన సంగతి అందరికీ తెలిసిందే. అనాథాశ్రమాల్లో ఉన్న 136 మంది పసిపిల్లల్లో సగం మందిని ఫాస్టర్ కుటుంబాలకు పంపారు. వాళ్ల తెలివితేటలు, మనుషులతో బంధం రెండూ మెరుగుపడ్డాయి. రెండేళ్లలోపు వెళ్లినవాళ్లకు మరీ ఎక్కువ మేలు జరిగింది. 2009 నాటి ఐక్యరాజ్యసమితి మార్గదర్శకాలు కూడా మూడేళ్లలోపు పిల్లలను కుటుంబ వాతావరణంలోనే ఉంచాలంటున్నాయి.

పెద్ద పిల్లలకూ దారి ఉంది. అమెరికాలోని ఒరెగాన్‌లో 1980ల నుంచి ఒక పద్ధతి నడుస్తోంది. ఒక ఇంట్లో సాధారణంగా ఒక్క పిల్లవాడే ఉంటాడు. ఆ రోజు ఏం జరిగిందో ఫోన్ చేసి కనుక్కునే టీమ్ ఫాస్టర్ తల్లిదండ్రుల వెనక ఉంటుంది. ఆ మాత్రం అండ మాకిస్తే చాలామంది పిల్లలు మా ఇళ్లలోనే నిలుస్తారు. అదేమీ ఇవ్వకుండా, బంధం తెగాక ‘కుటుంబంలో ఇమడలేదు’ అని పిల్లల మీద రాస్తారు. అది నాకు చాలా బాధ.

ఇంకొకటి. కష్టాల్లో ఉన్న టీనేజర్లందరినీ ఒకచోట పెడితే ఒకరి అలవాట్లు ఇంకొకరికి అంటుకుంటాయని 1999లోనే పరిశోధకులు హెచ్చరించారు.

రాత్రి డ్యూటీ:
అమ్మా, నేను ఇలాంటి ఇంట్లో పనిచేస్తాను. బుకారెస్ట్ పిల్లలు ఆ పరిశోధన మొదలైనప్పుడు మూడేళ్లు కూడా నిండనివాళ్లు. వాళ్లున్నవి పెద్ద సంస్థలు. ఆ ఫలితాన్ని ఎన్నో ఇళ్లు మారి వచ్చిన పదిహేనేళ్ల అమ్మాయికి అన్వయించలేం. 1999 హెచ్చరిక నిజమే, అయితే ఆ ప్రభావం అనుకున్నంత పెద్దది కాదని తర్వాత వచ్చిన కొన్ని విశ్లేషణలు చెప్పాయి. పెద్దవాళ్లు గదిలో ఉన్నారా, పిల్లలను వాళ్ల మానాన వదిలేశారా అన్నదాన్ని బట్టి చాలా మారుతుంది.

సొంతవాళ్లే కొట్టిన పిల్లకు ‘ఇది నీ ఇల్లే, నేను నీ అమ్మనే’ అన్న మాటే టెన్షన్. దగ్గరితనమే భయం. మా దగ్గర ఎవరినీ ప్రేమించమని అడగం. రేపు పొద్దున డ్యూటీలో ఎవరుంటారో బోర్డు మీద రాస్తాం, రాసినట్టే వస్తాం. ఆకలి ఎరిగిన పిల్లలు దిండు కింద తిండి దాస్తారు. దాన్ని దొంగతనం అనం, వంటగదికి తాళం వేయం. అన్నిటికంటే కష్టమైన వేళ పడుకునే వేళ. లైటు ఆర్పగానే పాత భయాలన్నీ లేస్తాయి. అప్పుడు గది బయట కూర్చుని ఊరికే మాట్లాడే మనిషి కావాలి. థెరపిస్ట్ గదిలో గడిపే గంట కన్నా ఇదే పెద్ద చికిత్స అని నా నమ్మకం.

ఒక పిల్ల గొడవ చేస్తే నలుగురం కలిసి గట్టిగా పట్టుకుని ఆపడం సులువే. కానీ ఆమెకు ఒకప్పుడు జరిగింది మళ్లీ జరిగినట్టే అవుతుంది. అందుకే గొడవ ముదరకముందే ఆనవాళ్లు పట్టడం మాకు నేర్పిస్తారు. గొడవ అయ్యాక మేమూ కూర్చుని మాట్లాడుకుంటాం, ఎందుకంటే భయపడిన సిబ్బంది ఎప్పుడూ కఠినంగానే మారతారు. ఈ ఏర్పాటు లేని ఇంటి బోర్డు మీద ‘థెరప్యూటిక్’ అని రాసుకుంటే మీరన్నట్టు మూసేయాల్సిందే.

మూడో గది:
నేను ఫాస్టర్ కుటుంబంలోనూ, ఇలాంటి ఇంట్లోనూ, రెండు చోట్లా పెరిగాను. రాత్రి డ్యూటీ గారు చెప్పినలాంటి మనిషి నాకూ ఉండేవారు. ఒకరోజు రాలేదు. ఉద్యోగం మానేశారని వారం తర్వాత తెలిసింది. ఏ థెరపీ అయినా అక్కడితో సున్నా.

పాయింట్ల సంగతి కూడా రాయాలి. మేం ఉన్న ఇంట్లో మంచిగా ఉంటే పాయింట్లు, తగ్గితే సౌకర్యాలు కోత. ఆ కోతల్లో చెల్లితో ఫోన్ కూడా ఉండేది. ఆమె వేరే కుటుంబంలో ఉండేది, నాకున్నది ఆమె ఒక్కతే. తోబుట్టువుతో మాట్లాడటం బహుమతి కాదు, దాన్ని ఎవరూ ఎప్పుడూ కొయ్యకూడదు.

పెంపుడు తల్లి:
ఫోన్ విషయం చదివి గుండె తరుక్కుపోయింది. అయినా నా భయం తగ్గలేదు. మంచం ఖాళీగా ఉంటే నింపాలనే చూస్తారు. ఈ పిల్లకు నిజంగా ఆ ఇల్లే కావాలని తేల్చేదెవరు? నడిపేవాళ్లేనా?

పున్నాగ:
వాళ్లు కాకూడదు. అమెరికా 2018లో తెచ్చిన చట్టం ఈ విషయంలో కొంత దారి చూపింది. ఇలాంటి చోట చేర్చిన పిల్లల అవసరాన్ని 30 రోజుల్లో అర్హత ఉన్న వ్యక్తి అంచనా వేయాలి, 60 రోజుల్లో కోర్టు చూడాలి, బయటికి వెళ్లాక కనీసం ఆరు నెలలు అండగా ఉండాలి. లేకపోతే కేంద్ర నిధులకు చిక్కే. నా దృష్టిలో ఆరు నెలలు చాలా తక్కువ. ఇలాంటి ఇంట్లో నేర్చుకున్న నమ్మకం బయట పరీక్షకు నిలిచేది ఆ తర్వాతే.

2016లో వివిధ దేశాల నిపుణులు కలిసి ఇచ్చిన ప్రకటన కూడా మొదట చెప్పింది హాని చేయకూడదనే, ఆ వెంటనే కుటుంబంతో కలిసి పనిచేయాలని. ఫాస్టర్ కుటుంబమా, ఇలాంటి చికిత్సా ఇల్లా అని పోటీ పెట్టడమే నాకు తప్పుగా తోస్తుంది. రాబోయే ఫాస్టర్ తల్లిని ముందుగానే వెతికి, పిల్ల ఇంకా ఇక్కడ ఉండగానే వారాంతాల్లో పిలవాలి. బోర్డు మీద పేరున్న మనిషి ఆ కొత్త ఇంటికి కూడా వెళ్లి కూర్చోవాలి, దానికి జీతం ఇవ్వాలి. సిబ్బంది వదిలి వెళ్లేటప్పుడు పిల్లలకు స్వయంగా చెప్పి వెళ్లడం నియమం కావాలి.

పెంపుడు తల్లి:
ఆ వారాంతాలకు నేను వస్తాను, మాలాంటివాళ్లు ఇంకా ఉన్నారు. కానీ పదేళ్లలోపు పిల్లలను ఏ పేరుతోనైనా అలాంటి ఇంట్లో పెట్టడానికి మాత్రం ఒప్పుకోను. ఈ విషయంలో మీరేమంటారో రాయండి.